రెండు దిక్కుల మార్చినవా అల్లుడా

మా మామ పోయాడన్న కబురు నాకు బడిలో, ఆరో తరగతి హాజరు పిలుస్తుండగా వచ్చింది. ఫోనులో అత్త ఏడవలేదు. "మీ మామ పోయిండు అల్లుడా. చాయ్ వెట్టుకొచ్చేవరకే పోయిండు. నువ్వు జల్ది రా. ఆయనను ఎట్ల పట్టుకోవాల్నో వీళ్లకు తెలుస్తలేదు" అంది. హాజరు పట్టీ సగంలోనే మూసి, పక్క తరగతి టీచరమ్మకు పిల్లలను అప్పగించి, జడ్చర్ల బస్టాండుకు నడిచాను.

మామ ఊరు మర్రిగూడ దిక్కు. అటు పోవాలంటే రెండు బస్సులు మారాలి. కిటికీ పక్కన సీటు దొరికింది, ఏడ్చుకోవడానికి కావలసినంత తీరికా దొరికింది. ఏడుపు మాత్రం రాలేదు. మామకు నేను చెప్పవలసిన మాట ఒకటి నాలుగేళ్లుగా నా నోట్లోనే ఉండిపోయింది. దారి పొడుగునా దాన్నే నములుతూ పోయాను.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. జడ్చర్లలో పెద్దరోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఏళ్ల తరబడి బండ్ల వైరింగు పని చేశాడు. ఇలా చెబితే పదిమందిలో ఒకడనుకుంటారు. మామ చేసింది ముఖ్యంగా ఒక్క పని. పాత బండ్లకు అరిగిపోయిన కప్లర్లు మార్చేవాడు. బండిలో ఒక వైరు ఇంకో వైరును కలిసేచోట ప్లాస్టిక్ ముక్కలు రెండుంటాయి. ఒకదానిలో ఇత్తడి పిన్నులు, ఇంకోదానిలో ఆ పిన్నులను పట్టుకునే గూళ్లు. రెండూ ఒకదానిలో ఒకటి దూరి కూర్చుంటాయి. దాన్నే షెడ్డుల్లో కప్లర్ అంటారు. బండి పాతబడే కొద్దీ పిన్నులు సన్నబడతాయి, గూళ్లు వదులవుతాయి, చిలుము పడుతుంది, వేడెక్కుతుంది, ఒకరోజు కాలుతుంది. మిగతా షెడ్డుల్లో కాలిన ముక్కను కోసి పారేసి, వైరుకు వైరు మెలిపెట్టి టేపు చుట్టి పంపేవారు. పది నిమిషాల పని. మామ దగ్గర అదే పనికి పూట పట్టేది. అయినా ముసలి బండ్లున్నవాళ్లు మామ దగ్గరికే వచ్చేవారు, ఎందుకంటే ఆయన చేసినచోట మళ్లీ చెయ్యి పెట్టాల్సిన పని ఉండేది కాదు.

ఇక ఆయన ఒంటి సంగతి. మామ పుట్టి పెరిగిన ఊరు మర్రిగూడ దగ్గర. అక్కడి బోరు నీళ్లలో ఎముకలను బిగించే ఫ్లోరైడ్ ఉందని ఇప్పుడు దేశమంతా తెలుసు. మా అమ్మకు చిన్నప్పుడే పెళ్లి చేసి ఇటు పంపేశారు కాబట్టి పళ్లు పసుపుపచ్చనవడంతోనే తప్పించుకుంది. మామ మాత్రం పాతికేళ్లు దాటేదాకా ఆ నీళ్లే తాగుతూ గొర్ల వెంట తిరిగాడు. మెడ మొదట పట్టేసింది. తర్వాత నడుము. గొర్ల వెనక నడవలేక, కూర్చుని చేసే పని ఏదైనా నేర్చుకుందామని జడ్చర్ల వచ్చి వైరింగు నేర్చుకున్నాడు. పాపం, వైరింగు కూర్చుని చేసే పని కాదని వచ్చాక తెలిసింది. బండి కింద పడుకోవాలి, స్టీరింగు కింద తల దూర్చాలి, ఒళ్లు పాములా మెలికలు తిరగాలి. ఊరు మారినా, నీళ్లు మారినా, మొదలైన జబ్బు ఆగలేదు. ఏడాదికింత చొప్పున మనిషి బిగుసుకుపోయాడు.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు మామ మోచేతులు కూడా పట్టేశాయి. ఆ ఎండాకాలం సెలవుల్లో ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి అడిగాడు.

"సారూ, నీ చేతులు జర కిరాయికిస్తవా?"

నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. సంధులు, సమాసాలు తప్ప ఇంకేమీ విప్పి ఎరగను. "నాకేం వస్తది మామా" అన్నాను.

"నీకు రావద్దు. నాకొస్తది గద. నువ్వు చెయ్యి పెట్టు, నేను చెప్త."

అలా మొదలైంది. ప్రతి ఆదివారం, సెలవుల్లో అయితే రోజూ, నేను మామకు చేతులయ్యాను. బండి తలుపు పక్కన ఎత్తయిన చెక్కపెట్టె మీద ఆయన కూర్చునేవాడు. మెడ తిరగదు కాబట్టి ముఖం ఎప్పుడూ ఎదురుగా రోడ్డు మీదికే ఉండేది. నేను స్టీరింగు కింద వెల్లకిలా పడుకుని, కళ్లలో దుమ్ము రాలుతుంటే, కనిపించింది చెప్పేవాణ్ని. ఆయన ఏం చేయాలో చెప్పేవాడు. ఎవరినైనా చూడాలంటే లేచి, అడుగు మీద అడుగు వేసుకుంటూ ఒళ్లంతా అటు తిప్పుకోవాలి. అందుకని చాలామందిని మామ గొంతుతోనే గుర్తుపట్టేవాడు.

ఆయన పద్ధతి ఒకటుంది. కప్లర్ మార్చేటప్పుడు వైర్లన్నీ ఒకేసారి ఊడదీయకూడదు. పాత ముక్కలోంచి ఒక వైరు తీసి, కొత్త పిన్ను వేసి, కొత్త ముక్కలో దాని ఇంట్లో దాన్ని కూర్చోబెట్టాక మాత్రమే రెండోదాన్ని ముట్టుకోవాలి. పాత బండ్లలో వైర్ల రంగులు వెలిసిపోయి అన్నీ మట్టిరంగులో ఉంటాయి. నేను తెలివి చూపించి ఫోనులో ఫోటో తీస్తానంటే నవ్వాడు. "ఫోటోల నిన్నటిది ఉంటది సారూ. చేతిల ఒక్క వైరే ఉండాలె. రెండుంటే ఒకటి అనుమానం."

ప్రతి పిన్నునూ కూర్చోబెట్టాక గుంజి చూడాలి. రెండు ముక్కలూ కలిపినప్పుడు టక్కుమనాలి. ఆ శబ్దం కోసం మామ మాట్లాడటం ఆపి, పక్క షెడ్డువాణ్ని కూడా సుత్తి ఆపమనేవాడు. తర్వాత బండి స్టార్టు చేసి పది నిమిషాలు నడవనిచ్చి, కప్లర్ మీద వేలి వెనకభాగం ఆనించి చూడాలి. ఆ వేలు కూడా నాదే. "వేడున్నదా అల్లుడా?" అంటే "లేదు మామా" అనేవాణ్ని. బండి వెళ్లిపోయేది.

అన్నింటికంటే ముఖ్యమైన మాట ఇంకొకటి. గిరాకీలు కాలిన ముక్క ఒక్కటి పట్టుకొచ్చి, అది మార్చు చాలు అనేవారు. మామ ఒప్పుకునేవాడు కాదు. "కాలింది ఒక్క దిక్కే కనవడ్తది. అరిగింది రెండు దిక్కుల ఉంటది. కొత్త గూటిల పాత పిన్ను పెడితే నెల తిరగకముందే మళ్ల కాల్తది." పని అయ్యాక ఆయన నన్ను అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే. "రెండు దిక్కుల మార్చినవా అల్లుడా?"

దసరా తెల్లారి మా షెడ్డుకు పెద్ద పండుగ. ఎందుకంటే పండుగనాడు బండ్లకు పూజలు చేస్తారు కదా, మావాళ్లు భక్తి ఎక్కువై తాళం సందులో కుంకుమ పోస్తారు, మీటర్ల మీద పసుపు నీళ్లు చల్లుతారు, స్టీరింగుకు నీళ్లు కారే బంతిపూల దండ వేస్తారు. ఆ నీళ్లు నేరుగా కింద కప్లర్లోకి దిగుతాయి. మర్నాడు బండి కదలదు. నేను విప్పితే ఎర్రటి, పచ్చటి ముద్ద బయటికొచ్చేది. మామ పెట్టె మీంచే మందలించేవాడు.

"మొక్కుండ్రి, వద్దంటలేను. బండికి మొక్కుండ్రి. స్విచ్చుకెందుకు పోస్తుండ్రు?"

"అమ్మవారు సల్లగ సూస్తదని అన్నా."

"అమ్మవారు సూస్తది. కరెంటు సూడది."

అందరూ నవ్వేవారు, వచ్చే దసరాకు మళ్లీ పోసేవారు.

మనిషి మంచివాడని రాసి ఊరుకోవచ్చు కానీ మామ అంత సులువైన మనిషి కాదు. మొండి. నేను తొందరపడితే రెండు రోజులు మాట్లాడేవాడు కాదు. చాయ్ తనంతట తాను తాగలేడు, చెయ్యి నోటిదాకా రాదు. అయినా ఇంకొకరు తాగిస్తే ఒప్పుకోడు. గ్లాసు ఎదుటి చెక్క గూట్లో పెట్టి, గడ్డం ఆనించి, సన్నటి గొట్టంతో పీల్చేవాడు. సగం చల్లారేది. "సల్లటి చాయ్ తాగి తాగి నా కడుపు సల్లగున్నది" అని తానే అనేవాడు. తెలుగు పంతులునని నన్ను ఎంత ఆటపట్టించినా, నా చేతులకు ఓపిక నేర్పింది ఆయనే. పిల్లవాడి నోటుబుక్కు దిద్దేటప్పుడు ఇప్పటికీ ఒక తప్పు పూర్తిగా చూశాకే రెండోదానికి పోతాను. అది ఏ శిక్షణలోనూ నాకు చెప్పలేదు.

ఇప్పుడు ఆ రోజు సంగతి.

అమ్రాబాద్ దిక్కు నుంచి ఒకాయన పాత డీజిల్ ట్రాలీ నడిపేవాడు. తన గొర్లూ, చుట్టుపక్కల వాళ్ల గొర్లూ ఎక్కించుకుని సంతకు తెచ్చేవాడు. మామను అన్నా అని పిలిచేవాడు. నాలుగేళ్ల కింద, ఎండలు ముదిరిన రోజుల్లో, తాళం స్విచ్చు కింద కప్లర్ కాలి బండి తెచ్చాడు. కింది ముక్క నల్లబడింది. పై ముక్క చూడటానికి బాగానే ఉంది కానీ పిన్నులు అరిగి సూదుల్లా ఉన్నాయి. కింది ముక్క గంటలో మార్చేశాను. పై ముక్క స్విచ్చుకే అతుక్కుని ఉంది. దాన్ని మార్చాలంటే స్విచ్చు విప్పాలి, మళ్లీ ఒక్కొక్క వైరూ తీసి వేయాలి, ఇంకో గంటన్నర వెల్లకిలా పడుకోవాలి. రేకుల కింద పెనంలో వేగినట్టు వేగుతున్నాను. చెమట కళ్లలోకి కారుతోంది. మెడ లాగుతోంది. మామ మెడతో పోలిస్తే నా మెడనొప్పి ఒక నొప్పేనా అని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు.

కొత్త కింది ముక్కను పాత పై ముక్కలోకి నొక్కాను. టక్కుమంది. ఎంత బాగా టక్కుమందంటే, మామ రోడ్డును చూస్తూ తల ఊపినట్టు పెదవులు కదిపాడు.

"రెండు దిక్కుల మార్చినవా అల్లుడా?"

"మార్చిన మామా."

బండి స్టార్టు చేసి పది నిమిషాలు ఆగాం. కప్లర్ మీద వేలు పెట్టాను. గోరువెచ్చగా ఉంది.

"వేడున్నదా?"

"లేదు."

నాకు బద్ధకమేసింది, అంతే. అంతకన్నా గొప్ప కారణం ఉంటే ఇక్కడ రాసేవాణ్ని.

మూడు వారాల తర్వాత ఆ ట్రాలీ కల్వకుర్తి దాటాక, చెట్టు నీడ కూడా లేనిచోట, మిట్టమధ్యాహ్నం ఆగిపోయింది. తాళం దగ్గర పొగ వచ్చి ఇంజను దానంతటదే ఆగింది. వెనక రెండంతస్తుల్లో గొర్లు కిక్కిరిసి ఉన్నాయి. దించుదామంటే రోడ్డు మీద లారీలు. ఇంకో బండి దొరికి, వచ్చేసరికి పైవరుసలో పద్నాలుగు చచ్చిపోయాయి. అందులో కొన్ని ఆయనవి కావు, నమ్మి అప్పగించినవాళ్లవి.

మర్నాడు ఆయన షెడ్డుకు వచ్చాడు. తిట్టలేదు. తువ్వాలలో చుట్టి తెచ్చిన కప్లర్‌ను మామ ఒళ్లో పెట్టాడు. రెండు ముక్కలూ కరిగి ఒక్క నల్ల ముద్ద అయ్యాయి. "నిన్ను నమ్మిన అన్నా" అన్నాడు. ఆ మాట మామతో అన్నాడు. తగిలింది నాకు.

మామ ఆ ముద్దను వేళ్ల కొసలతో అటూ ఇటూ చాలాసేపు దొర్లించాడు. వేళ్లు మాత్రం ఇంకా కొంచెం ఆడేవి. ముద్ద పగులులోంచి ఒక పిన్ను కొస బయటికి కనిపిస్తోంది, సూదిలా సన్నగా. నేను ఆయన వెనక నిలబడి ఉన్నాను. ఇప్పుడు లేస్తాడు, అడుగు మీద అడుగు వేసి ఇటు తిరుగుతాడు, నా ముఖం చూస్తాడు అనుకున్నాను. ఆయన లేవలేదు.

"నా పనే తమ్మీ. నేనే సూసుకోలే" అన్నాడు.

నోరు తెరిస్తే చాలు. నేను తెరవలేదు. ఆ గొర్లాయన ఖాళీ తువ్వాల భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. మామకు కళ్లు పోలేదు కానీ పనిలో ఆయన చూపు నా చూపే. షెడ్డంతా నా నోటిమాట మీద నడిచింది. ఆ మాట అబద్ధమైతే ఆయన చేతిలో ఏమీ లేదు.

గొర్ల బండ్లవాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నారు. "ముసలాయనకు వొంగొస్తలేదు, ఏం సూస్తడు" అన్నారట. కోపంతో అనలేదు, జాలిపడి అన్నారు. జాలిపడ్డ గిరాకీ తిరిగి రాదు. దసరా వచ్చింది. తెల్లారి రెండే బండ్లు వచ్చాయి. ఆ పై ఏడు పెట్టె మీద కూర్చోవడం కూడా కష్టమై షెడ్డు ఖాళీ చేసి, మామా అత్తా ఊరికి పోయారు. షెడ్డును ఎవరూ మూయించలేదు. ఒక ఆదివారం తెరవలేదు, అంతే.

ఊరికి వెళ్లి చెప్పేద్దామని మూడుసార్లు పోయాను. మొదటిసారి చుట్టాలున్నారు. రెండోసారి మామకు జ్వరం. మూడోసారి ఇద్దరమే ఉన్నాం. వాకిట్లో కొత్తగా నల్లా వచ్చింది, మంచినీళ్లు ధారగా పడుతున్నాయి. మామ కుర్చీలో బిగుసుకుని దాన్నే చూస్తున్నాడు. "మంచిగనే వస్తాంది. నేనే జర ముందుగాల పుట్టిన" అన్నాడు. నేను నల్లా కట్టేశాను. చెప్పడానికి గొంతు సవరించుకుంటుంటే ఆయనే అడిగాడు.

"ఎవలన్న అడుగుతుండ్రా అల్లుడా, షెడ్డు దిక్కు?"

ఒక్కడూ అడగడం లేదు. పాత బండ్లే తక్కువైపోయాయి. చాలావరకు తుక్కు కింద పోయాయి, కొత్తవాటి కప్లర్లు ముట్టుకోవాలంటే కంపెనీకి పోవాలి. మామకు తెలిసిన పని ఇక ఎవరికీ అక్కర్లేదు.

"అడుగుతున్నరు మామా. ఎప్పుడొస్తడు అంటున్నరు" అన్నాను.

ఆయన ముఖంలో వెలుగు చూశాక ఇంకో మాట చెప్పడానికి నాకు చేతకాలేదు. ఒక అబద్ధాన్ని చెరపడానికి పోయి రెండోది చెప్పి వచ్చాను. మామకు ముందే తెలుసా? ఆ పిన్ను కొస చూసినప్పుడే తెలిసిపోయిందా? తెలిసే నా వైపు తిరగకుండా కూర్చున్నాడా? ఎవరినీ అడగలేని ప్రశ్న ఇది. క్షమించాడని అనుకుంటే నాకు హాయి. అలా అనుకునే హక్కు నాకు లేదు.

నేను ఊరు చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. మామను పాడె మీద వెల్లకిలా పడుకోబెట్టడం ఎవరివల్లా కాలేదు. కుర్చీలో ఎలా కూర్చుని పోయాడో అలాగే ఉన్నాడు. నడుము వంగి, మోకాళ్లు ముడుచుకుని, మోచేతులు ఒంటికి దగ్గరగా. ఎవరో పెద్దమనిషి "మోకాళ్లు జర ఒత్తుండ్రి, సాగుతయ్" అన్నాడు. అత్త అడ్డం వచ్చింది.

"ఒత్తకుండ్రి. ఆయనకు నొస్తది."

అందరూ చేతులు వెనక్కి తీసుకున్నారు. ఆయన్ను ఏళ్లపాటు బండ్లలోకి ఎక్కించి దించిన అలవాటుతో నేనే ఒక చెయ్యి మోకాళ్ల కింద, ఒక చెయ్యి వీపు వెనక వేసి ఎత్తి, పక్కకు పడుకోబెట్టాను. ఊరవతల పాతిపెట్టే చెలక దాకా అలాగే మోశాం.

తవ్వినవాళ్లు మామూలు మనిషికి తవ్వినట్టు పొడుగ్గా, సన్నగా తవ్వారు. మామ అందులో పట్టలేదు. మళ్లీ గడ్డపారలు తెచ్చి పక్కలకు వెడల్పు చేస్తుంటే, ఎండలో ఆయన్ను కింద పెట్టుకుని కూర్చున్నాం. అత్త కొంగుతో ఆయన ముఖానికి నీడ పట్టింది.

గుంతలోకి నేనే దిగాను. పైనుంచి నలుగురు అందిస్తే చేతుల్లోకి తీసుకున్నాను. లోపల చల్లగా ఉంది. ఆయన్ను పక్కకు ఆనించి, చెవి దగ్గర నోరు పెట్టి అన్నాను. "ఒక్క దిక్కే మార్చిన మామా."

"ఏమంటున్నవ్ సారూ?" పైనుంచి ఎవరో అడిగారు.

"ఏం లేదు" అన్నాను. చెయ్యి అందిస్తే పట్టుకుని పైకొచ్చాను.

మట్టి పోశాక చూస్తే ఆ కుప్ప చుట్టూ ఉన్నవాటిలా పొడుగ్గా లేదు, గుండ్రంగా ఉంది. జనం ఒక్కొక్కరే కాళ్లు కడుక్కోవడానికి పోయారు. అత్త దీపం ప్రమిద పట్టుకుని కుప్ప చుట్టూ ఒకసారి తిరిగింది, రెండోసారి తిరిగింది, ఎటు వంగాలో తెలియక నిలబడిపోయింది. గాలికి ఆరకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని నా వైపు చూసింది.

"తల ఎటు దిక్కు అల్లుడా?"

నేను చూపించాను. అత్త ఇంకేమీ అడగలేదు. నేను చూపించినచోటే దీపం పెట్టింది.